చార్లెస్ హారిసన్ బ్లాక్లీ

గ్రీష్మకాల మనగానే మనకు వడగాడ్పులు, ఎండిన చెఱువులు, తాటిముంజెలు జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లండు దేశమున వేసవి యట్టిది కాదు. మంచును ముసురును తొలగిపోయి జనులు హాయిగా బయట తిరుగునది అప్పుడే. మే నెల చివర అచ్చటి బయళ్ళలో గడ్డి ఏపుగా పెరిగి పూతకు వచ్చును. జూన్, జూలై నెలలలో రైతులు దానిని కోసి, ఎండబెట్టి, చలికాలమున పశువుల మేతకై వాములు వేయుదురు. ఆ దేశపు కవు లెందఱో ఈ ఋతువును వర్ణించిరి. కాని సరిగా ఈ దినములలోనే కిటికీలు బిగించుకొని, కన్నులకు తడిగుడ్డ వేసికొని, గదిలో ముడుచుకొని కూర్చుండువారు కొందఱుందురు. తెల్లవారినది మొదలు వారికి తుమ్ములు. ఒకటి రెండు కావు; ఆగకుండ ఇరువది, ముప్పది. కన్ను లెఱ్ఱవారి దురదపెట్టును. ముక్కు ఒకప్పుడు ధారగా కారును, ఒకప్పుడు బిగిసి ఊపిరాడనీయదు. కొందఱికి రాత్రులందు ఉబ్బసము కూడ తోడగును. ఆగస్టు నెల రాగానే చేతితో తీసివేసినట్లు ఆ బాధ యంతయు మాయమగును. మఱుసటి యేడు గడ్డి పూచువేళకు మరల ప్రత్యక్షమగును. ఒడలు కాగుట తఱచుగా లేకపోయినను, గడ్డి కోతలనాటి వ్యాధి గనుక జనులు దీనికి హే ఫీవరు, అనగా ఎండుగడ్డి జ్వరము, అని పేరు పెట్టిరి.

ఈ వ్యాధిని వైద్యలోకమునకు మొదట చక్కగా తెలిపినవాడు జాన్ బోస్టాక్ అను వైద్యుడు. 1819వ సంవత్సరమున అతడు లండనులోని వైద్యుల సభలో ఒక రోగి చరిత్రమును చదివెను. ఆ రోగికి ఎనిమిదేండ్ల వయస్సు నుండి ప్రతి వేసవియందును ఈ బాధ వచ్చుచుండెను. ఆ రోగి మఱెవరో కాదు, బోస్టాకే. అతడు తొమ్మిదేండ్లు వెదకి, 1828 నాటికి తనవంటివారిని 28 మందిని మాత్రమే కనుగొనగలిగెను. కారణము వేసవి వేడిమియని అతని యభిప్రాయము. గడ్డి వలన వచ్చునని జనులు చెప్పుకొను మాటను అతడు నమ్మలేదు. 1831లో జాన్ ఇలియట్‌సన్ అను మఱియొక వైద్యుడు పువ్వుల పుప్పొడి కావచ్చునని సూచించెను గాని, పరీక్షించి చూడలేదు. జర్మనీ దేశమున హెల్మ్‌హోల్ట్‌జ్ అను మహాశాస్త్రజ్ఞునికి ఈ వ్యాధి యుండెను. అతడు తన ముక్కునుండి వచ్చిన ద్రవమును సూక్ష్మదర్శినితో చూచి, అందు కదలాడు సూక్ష్మజీవులే దీనికి మూలమని తలచి, క్వినైను నీటితో ముక్కును కడుగుకొనెను. ఎండ యనువారు కొందఱు, ధూళి యనువారు కొందఱు, ఎండుగడ్డి వాసన యనువారు కొందఱు. ఈ విధముగా అర్ధశతాబ్దము గడచెను. అందఱును చెప్పువారే గాని నిరూపించినవాడు లేడు.

అట్లు నిరూపించినవాడు చార్లెస్ హారిసన్ బ్లాక్లీ. ఇతడు 1820వ సంవత్సరమున ఇంగ్లండులోని లాంకషైరు మండలమున, మాంచెస్టరు నగరమునకు సమీపమందున్న బోల్టను పట్టణమున జన్మించెను. మాంచెస్టరు అను పేరు మన పెద్దలకు బాగుగా తెలిసినదే. విదేశీ వస్త్ర బహిష్కారపు దినములలో మనవారు వీథులలో కుప్పలుగా పోసి తగులబెట్టిన బట్టలలో పెక్కు ఆ నగరపు మిల్లులలో నేసినవే. ఆ ప్రాంతమంతయు నూలు మిల్లులు, పొగ గొట్టములు, బొగ్గుమసి. గడ్డిపువ్వుల చరిత్ర యట్టి చోట వ్రాయబడుట వింతగా నున్నను, తరువాత చూడగా అదియు ఒక మేలే యయ్యెను.

బ్లాక్లీ కలవారి బిడ్డ కాడు. బాల్యముననే ముద్రణపు పనిలో చేరి, లోహపు రేకులపై బొమ్మలు చెక్కు విద్య నేర్చుకొనెను. పగలంతయు ఆ పని. తీరిక వేళలలో వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము చదువుకొనెను. సూక్ష్మదర్శినితో చూచుట యభ్యసించెను. సన్నని గీతలను తప్పులేక చెక్కు పనివానికి ఉండవలసిన ఓర్పును, నిలుకడ గల చూపును ఇతనికి పిమ్మట ఎంతగా ఉపకరించెనో ముందు చూచెదము. 35 ఏండ్ల వయస్సున, 1855లో, ఇతడు మాంచెస్టరులోని వైద్యపాఠశాలలో విద్యార్థిగా చేరెను. ఆ యీడున తోటివారు సంసార భారమున మునిగియుండగా ఇతడు కుఱ్ఱవాండ్ర ప్రక్క బల్లపై కూర్చుండి పాఠములు వినెను. 1858లో పరీక్షయందు కృతార్థుడై, నగరములోని హల్మ్ అను పేటలో వైద్యము ప్రారంభించెను. ఇతడు అవలంబించినది హోమియోపతి పద్ధతి. ఆ కాలమున ఇంగ్లండులోని తక్కిన వైద్యులు హోమియోపతి వైద్యులతో కలసి రోగిని చూచుటకు కూడ అంగీకరించెడివారు కారు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

బ్లాక్లీకి కూడ ఎండుగడ్డి జ్వరము కలదు. ఏటేట వచ్చి పీడించు శత్రువును గుర్తింపవలెనని అతడు 1859లో సంకల్పించెను. ఒకనాడు ఇంటిలోని పిల్లలు బయటినుండి పూతపట్టిన గడ్డిని కోసి తెచ్చి, గదిలో నొక పాత్రయందు అలంకారముగా నుంచిరి. బ్లాక్లీ దానిని కదలింపగనే కొంత పొడి రాలెను. వెంటనే అతనికి తుమ్ములు పట్టుకొనెను. మఱియొకడైనచో పిల్లలను కోపించి, ఆ గడ్డిని బయట పాఱవేయించి, ముఖము కడుగుకొని ఊరకుండెడివాడు. బ్లాక్లీ ఆలోచనలో పడెను.

అయినను అతడు పుప్పొడియే నేరస్థుడని అప్పుడే తీర్పు చెప్పలేదు. లోకము అనుమానించిన వానినన్నిటిని ఒక్కొక్కటిగా విచారింపవలెనని నిశ్చయించెను. విచారణకు కావలసిన దేహము తనదే. క్రొత్తగా కోసిన గడ్డికి కమ్మని వాసన నిచ్చు కౌమరిన్ అను పదార్థమును తెచ్చి పీల్చెను. బెంజోయిక్ ఆమ్లపు ఆవిరిని పీల్చెను. ఓజోను వాయువును పరీక్షించెను. ఎండ వేడిమిని, వెలుతురును, పలు మొక్కల వాసనలను, ధూళిని విడివిడిగా చూచెను. కొన్ని తలనొప్పి కలిగించెను గాని, ఏదియు ఎండుగడ్డి జ్వరమును తెప్పింపలేదు. తడిసిన గడ్డిపై పెరుగు బూజును పెంచి దాని పొడిని కూడ పీల్చెను. ఆ దెబ్బకు గొంతు బొంగురుపోయి, మాటయే రాని స్థితి యేర్పడెను. బూజు కూడ ఊపిరికి కీడు చేయునని తెలిసెను గాని, ఆ బాధ లక్షణములు వేఱు. అతడు వెదకుచున్న దొంగ అది కాదు.

ధూళి విషయమున ఒక ముఖ్యమైన సంఘటన జరిగెను. పల్లెదారిలో నడచుచుండగా ఒక బండి వేగముగా ప్రక్కనుండి పోయి దుమ్ము లేపెను. అతనికి వెంటనే తుమ్ములు వచ్చెను. ఇంటిలోని ధూళి ఏమియు చేయలేదే, ఈ ధూళి ఏల చేసినది? అతడు ఆ దారిలోని దుమ్మును తీసికొనిపోయి సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూచెను. మట్టి కణముల నడుమ గడ్డిపువ్వుల పుప్పొడి రేణువులు కనబడెను. ధూళి దోషి యనుకొన్నవారు పూర్తిగా పొరబడలేదు. ధూళిలో దాగియున్న దానిని వారు చూడలేదు, అంతియే.

పుప్పొడి యన నేమో మీరు పాఠములలో చదివియుందురు. పువ్వులోని కేసరములనుండి రాలి, మఱియొక పువ్వు కీలాగ్రమును చేరి, విత్తనము పుట్టుటకు కారణమగు మెత్తని పొడి అది. గులాబి, మందారము మొదలగు అందమైన పువ్వులు రంగుతోను తేనెతోను కీటకములను పిలిచి, వానిచేత తమ పుప్పొడిని మోయించుకొనును. ఆ పుప్పొడి జిగురుగా నుండి గాలిలో దూరము పోదు. గడ్డిపువ్వులకు రంగు లేదు, వాసన లేదు. అవి గాలినే నమ్ముకొన్నవి. గాలిలో విడిచినది ఎచ్చటికి పోవునో తెలియదు గనుక, అవి పుప్పొడిని లెక్కలేనంతగా వెదజల్లును. రేణువు లెంత చిన్నవనగా, ఒక మిల్లీమీటరు పొడవున సుమారు ముప్పదింటిని వరుసగా పేర్చవచ్చును. ఈ కారణమున పాపము గులాబి ఎన్నడో చేయని నేరమునకు నింద మోసినది. ప్రక్కనున్న గడ్డిపోచను ఎవరును అనుమానింపలేదు. మన దేశమునను ఈ తీరు కలదు. అమెరికా ఖండమునుండి వచ్చి, 1950 తరువాత మన పొలముల గట్లను, రోడ్ల ప్రక్కలను ఆక్రమించిన వయ్యారిభామ మొక్కను మీరందఱును చూచియుందురు. దాని తెల్లని చిన్న పువ్వుల పొడి పలువురికి తుమ్ములను, చర్మపు దురదను కలిగించుచున్నది. పేరు మాత్రము వయ్యారిభామ!

ఇక బ్లాక్లీ పరీక్షలకు వత్తము. అతడు పలు జాతుల మొక్కల పుప్పొడిని సేకరించి, ఒక్కొక్కదానిని తన ముక్కునందును, కంటియందును, నాలుకమీదను ఉంచి, ఎన్ని నిమిషములకు ఏ బాధ కలిగినదో వ్రాసికొనెను. గడ్డి జాతుల పుప్పొడి అన్నిటికంటె తీవ్రముగా పనిచేయునని తేలెను. అటుపిమ్మట, 1865 ప్రాంతమున, ఒక క్రొత్త పరీక్ష చేసెను. ముంజేతిపై చర్మమును కత్తితో కొంచెము గీచి, రై గడ్డి యను జాతి పుప్పొడిని తడిపి అచ్చట నుంచి, కట్టు కట్టెను. రెండవ చోట చర్మమును అదే విధముగా గీచి, పుప్పొడి లేకుండ కట్టు కట్టెను. కొద్ది నిమిషములలో మొదటి చోట దురద పుట్టి, చర్మము ఉబ్బి, వాపు వ్యాపించెను. రెండవ చోట ఏమియు జరుగలేదు. ఆ రెండవ కట్టులోనే శాస్త్రమంతయు నున్నది. అది లేనిచో కత్తిగాటు వలన ఉబ్బినదని ఎవరైనను వాదింపవచ్చును. నేడు వైద్యశాలలలో ఒక రోగికి ఏ పదార్థము పడదో తెలిసికొనుటకు చేతిపై సూదితో చుక్కలు పెట్టి పరీక్షించుచున్నారు. ఆ పద్ధతికి మూలము ఈ గీతలే.

ఇంతటితో నిలిచిపోయినను అతని పేరు మిగిలియుండెడిది. కాని అతడు తన్ను తానే ఒక ప్రశ్న వేసికొనెను. ముక్కులో పుప్పొడిని కూరుకొన్నచో తుమ్ములు వచ్చును, సరియే. బయట గాలిలో వ్యాధి తెచ్చునంత పుప్పొడి నిజముగా నున్నదా? ఉన్నచో ఏ దినమున ఎంత? గాలిలో కంటికి కానరాని వస్తువును లెక్కించుట యెట్లు?

అతడు గాజు పలకలు తీసికొనెను. ఒక చదరపు సెంటీమీటరు మేర గ్లిసరిన్ కలిసిన జిగురు ద్రవమును పూసెను. మాంచెస్టరు వెలుపల ఒక గడ్డిమైదానమున, మనిషి ఊపిరి పీల్చు ఎత్తున, ఆ పలకను పడుకొనబెట్టెను. ఇరువది నాలుగు గంటలైన పిమ్మట దానిని తెచ్చి, సూక్ష్మదర్శిని క్రింద నుంచి, అంటుకొన్న పుప్పొడి రేణువులను ఒక్కొక్కటిగా లెక్కించెను. మఱునాడు మఱియొక పలక. ఈ విధముగా 1866లోను తరువాతి యేటను గడ్డి పూయుటకు ముందు మొదలిడి పూత ముగిసినదాక లెక్క సాగెను. ఈ పని చేయువాడు పగలు రోగులను చూడవలసిన వైద్యుడు. పైగా అతడు లెక్కించుచున్న వస్తువు అతనికి పడదు. మైదానమునకు పోయినప్పుడెల్ల కన్నులు నీరు కారుచుండగా, ఆ కన్నులతోనే సూక్ష్మదర్శినిలో చూడవలెను. బొమ్మలు చెక్కిననాటి ఓర్పు ఇచ్చట అక్కఱకు వచ్చెను.

1866 జూన్ 28వ తేదీన అతని పలకపై 880 రేణువులు లెక్కకు వచ్చెను. ఆ యేటి లెక్కలలో అదియే అత్యధికము. అతడు లెక్కలను పట్టికగా వ్రాసి, వాతావరణపు స్థితిని, తన బాధ యొక్క తీవ్రతను ప్రక్కన చేర్చెను. రేణువులు పెరిగిన దినములలో తుమ్ములును పెరిగినవి. వాన కురిసినప్పుడు లెక్క ఒక్కసారిగా పడిపోయినది, బాధయు తగ్గినది. ఎండ కాచి గాలి పొడిగా మాఱగనే రెండును మరల లేచినవి. పూత కాలము ముగిసి రేణువులు కనబడకపోవుసరికి వ్యాధియు సెలవు తీసికొనెను. ఎండ వేడిమియే కారణమని బోస్టాక్ ఏల భ్రమపడెనో కూడ ఈ పట్టిక వలన తెలియుచున్నది. ఎండ కాచిన దినముననే పువ్వులు విచ్చి పుప్పొడి రాలును. ఎండ తోడుదొంగ మాత్రమే.

ఒక సందేహము మిగిలెను. గడ్డి నేల కనుచూపుమేర లేని నగర మధ్యమున, మిల్లుల పొగలో నివసించువారికి ఈ వ్యాధి ఏల రావలెను? బ్లాక్లీ నగరము నడుమ కూడ పలకలనుంచి చూచెను. పల్లె పట్టులకంటె రేణువులు చాల తక్కువగా దొరకెను, అయినను లేకపోలేదు. అవి ఎటనుండి వచ్చినవి? అతడు ఆకాశమునే అడుగదలచెను. పెద్ద గాలిపటములను చేసి, ఒకదానికొకటి ముడివైచి, వానికి జిగురు పూసిన పలకలను కట్టి, వేయి అడుగులకు పైగా ఎగురవేసెను. నలువది యేండ్లు దాటిన వైద్యుడు పొలములో గాలిపటములు ఎగురవేయుట చూచి దారినపోవువారు నవ్వుకొని యుండవచ్చును. క్రిందికి దింపిన పలకలపై, నేలమట్టమున నుంచిన పలకలకంటె ఎక్కువ పుప్పొడి యుండెను! గాలి పుప్పొడిని ఎత్తునకు లేపి, మైళ్ళ దూరము మోసికొనిపోవునని దీనితో స్పష్టమయ్యెను. నగరవాసికి ఇంటిముందు గడ్డి లేకపోయినను, ఊరవతల గడ్డి పూచిన చాలును. మాంచెస్టరువంటి నగరమున నివసింపకున్నచో బ్లాక్లీకి ఈ ప్రశ్నయే తోచియుండదేమో.

పదునాలుగేండ్ల పరిశ్రమ ఫలమును అతడు 1873లో ఒక గ్రంథముగా ప్రకటించెను. ప్రఖ్యాత ప్రకృతిశాస్త్రజ్ఞుడైన చార్లెస్ డార్విన్ దానిని చదివి, ఎంతయో ఆసక్తి కలిగి, ఆ యేడే బ్లాక్లీకి ఉత్తరము వ్రాసెను. మఱుసటి యేట బ్రస్సెల్సు విశ్వవిద్యాలయమునుండి బ్లాక్లీకి ఎం.డి. పట్టము లభించెను. ఆ గ్రంథమున నొక విచిత్రమైన విషయము కూడ చర్చింపబడినది. గడ్డిలోనే పుట్టి గడ్డిలోనే పెరుగు రైతులకు ఈ వ్యాధి అరుదు. చదువుకొన్నవారికి, పట్టణవాసులకు అధికము. నిత్యము పుప్పొడిలో మెలగుటచే రైతుల దేహము దానికి అలవాటుపడి యుండునా? బ్లాక్లీ ఈ విధముగా ఊహించి, జనులు పల్లెలు విడిచి పట్టణములు చేరిన కొలది ఈ వ్యాధి పెరుగునని ముందుగానే చెప్పెను. బోస్టాక్ తొమ్మిదేండ్లు వెదకినను 28 మంది దొరకిన వ్యాధి, నేడు కోట్లమందిని బాధించుచున్నది. కారణము అదియేనా, వేఱు కారణములును గలవా యని శాస్త్రజ్ఞులు ఇప్పటికిని పరిశోధించుచునే యున్నారు.

ఇంత చేసినను స్వదేశపు వైద్యలోకము అతనిని తలకెత్తుకొనలేదు. పాశ్చరు, కోఖ్ మొదలగు మహనీయులు ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క సూక్ష్మజీవిని కనుగొనుచున్న కాలమది. అందఱి చూపును సూక్ష్మజీవులపైననే యుండెను. పువ్వుల పొడి వ్యాధి తెచ్చునన్న మాట చిన్నదిగా తోచెను. చెప్పినవాడు హోమియోపతి వైద్యుడగుట మఱియొక కారణమని నా యభిప్రాయము. పలకపై లెక్కించిన 880 రేణువులు ఏ వైద్యపద్ధతికి చెందినవి? ఎవరు లెక్కించినను అవి 880యే కదా! బ్లాక్లీ వాదములకు దిగక, 1880లో తన గ్రంథమును మరల అచ్చువేయించి, వైద్యము చేసికొనుచు కాలము గడపెను. 1900వ సంవత్సరమున, ఎనుబది యేండ్ల వయస్సున, అతడు మరణించెను.

అతడు పోయిన కొలది కాలమునకే అతని దారిలో ఇతరులు నడువసాగిరి. 1906లో వియన్నా నగరపు వైద్యుడు పిర్కే, ఇట్టి బాధలన్నిటికిని అలర్జీ యను పేరు పెట్టెను. 1911లో లండనునందు లెనార్డ్ నూన్, జాన్ ఫ్రీమన్ అను వైద్యులు గడ్డి పుప్పొడి సారమును అతి స్వల్ప పరిమాణములలో సూదిమందుగా ఇచ్చి, రోగి దేహమును క్రమముగా దానికి అలవాటు చేయు చికిత్సను ప్రకటించిరి. పుప్పొడి స్వతహాగా విషము కాదని పిమ్మట తెలిసెను. కావలివాడు ఇంటికి వచ్చిన చుట్టమును దొంగయని తలచి కేకలు వేసి ఊరంతయు లేపినట్లు, దేహరక్షణ వ్యవస్థ అపాయము లేని రేణువును శత్రువుగా భ్రమించి పోరు సాగించును. తుమ్ములు, కన్నీరు, వాపు ఆ పోరుయొక్క ఫలములు. ఈ పోరునకు మూలమైన రక్తమందలి పదార్థమును 1960-70 నడుమ శాస్త్రజ్ఞులు గుర్తించిరి.

బ్లాక్లీ పలకలో నొక లోపము లేకపోలేదు. దానిపై రాలిన రేణువులే లెక్కకు వచ్చును గాని, ఎంత గాలిలో ఎన్ని యున్నవో తెలియదు. ఆ లోపమును 1952లో ఇంగ్లండులోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున పనిచేసిన హర్స్ట్ అను శాస్త్రజ్ఞుడు తీర్చెను. అతని యంత్రము నిమిషమునకు 10 లీటర్ల గాలిని సన్నని చీలికగుండ లోనికి పీల్చును. లోపల జిగురు పూసిన పలక గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా జరుగుచుండును. పలకపై ఏ చోట ఎన్ని రేణువులున్నవో చూచినచో ఏ గంటకు గాలిలో ఎంత పుప్పొడి యుండెనో తెలియును. పంటలకు తెగులు తెచ్చు బూజు కణముల కొఱకు చేసిన యంత్రమిది. మన యేడు దినముల పనికి చాలునట్లు దీనిని పిమ్మట మార్చి, పలు దేశముల నగరములలో ఎత్తైన మేడలమీద నిలిపిరి. బ్రిటనులో ఒక ఘనపు మీటరు గాలిలో గడ్డి పుప్పొడి రేణువులు 30కి లోబడి యున్నచో తక్కువ యనియు, 50 దాటినచో ఎక్కువ యనియు, 150కి చేరినచో మిక్కిలి యెక్కువ యనియు ప్రజలకు తెలుపుదురు.

అయితే లెక్క యెప్పుడును నిన్నటిది. రోగికి కావలసినది రేపటి సంగతి. మందు ఈ రాత్రియే వేసికొనవలెనా, పిల్లవానిని ఆటలకు పంపవచ్చునా యని తల్లి అడుగునది రేపటినిగూర్చియే. అందుచే వాతావరణ శాస్త్రజ్ఞులు ఏ గడ్డి ఎప్పుడు పూచునో, వసంతమున ఎంత వేడిమి, ఎంత వాన యుండెనో, గడచిన యేండ్ల లెక్కలెట్లున్నవో చూచి, రేపటి గాలిని, ఎండను, వానను జోడించి పుప్పొడి సూచన లిచ్చుచున్నారు. పుప్పొడి లెక్క ప్రక్కన వాన, ఎండ వ్రాసికొన్న బ్లాక్లీ పట్టికలోనే ఈ సూచనకు బీజమున్నది.

ఈ సూచన ఎంత అవసరమో 2016 నవంబరు 21వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున తెలియవచ్చెను. అచ్చట నవంబరు నెల గడ్డి పూచు కాలము. ఆనాడు ఎండ మండెను. గాలిలో పుప్పొడి దట్టముగా నుండెను. సాయంకాలము ఉఱుములతో గాలివాన వచ్చెను. మామూలు వాన పుప్పొడిని నేలకు దింపును. గాలివాన అట్లు చేయలేదు. తేమకు రేణువులు పగిలి, ముక్కులో ఆగనంత సన్నని తునుకలై, గాలితో నేలకు దిగి, జనుల ఊపిరితిత్తులలోనికి పోయెను. కొలది గంటలలో వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తిరి. అంతకుముందు ఉబ్బసము ఎఱుగనివారు కూడ వారిలో నుండిరి. పదిమంది మరణించిరి. ఆ పుప్పొడి రై గడ్డిది. నూటయేబదియేండ్లకు పూర్వము బ్లాక్లీ తన చేతిమీద గీచి పెట్టుకొన్న జాతియే.

2017 నుండి ఆ రాష్ట్రమున అక్టోబరు మొదలు డిసెంబరు చివరివఱకు ప్రతిదినమును ఇట్టి గాలివాన ఉబ్బసమునుగూర్చి ముందుగా సూచన ఇచ్చుచున్నారు. అపాయము తక్కువైన పచ్చరంగు, నడిమిదైన నారింజరంగు, ఎక్కువైన ఎఱ్ఱరంగు. ఆ రంగును నిర్ణయించుటకు వాతావరణపు లెక్కలతో పాటు పుప్పొడి లెక్కయు కావలెను. దానికై పూత కాలమున కేంద్రములలో పనివారు గాజు పలకను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, రేణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుచున్నారు.